చంటిపిల్లను ఎవరికి అప్పగించి పనికి వెళ్ళాలి?

మీ ఉత్తరం – నా జవాబు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, ఏం చెయ్యాలి? అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా చేసి రిటైరయినదాన్ని. ప్రభుత్వం ఏం ఇస్తానంటుందో తెలుసు, చేతికి ఎంత వస్తుందో కూడా తెలుసు. పేర్లు వెయ్యొద్దని అందరూ అడిగారు, వెయ్యడం లేదు.

*

మేడం, మాది ముత్తుకూరు దగ్గర పల్లె. రొయ్యల కంపెనీలో వలిచే పని. పొద్దున ఐదున్నరకి కంపెనీ బస్సొస్తుంది, మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. పాపకి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్ళూ మా అత్త చూసింది. ఇప్పుడు ఆమెకి మోకాళ్ళు పట్టేసి పాప వెనక తిరగలేకపోతోంది. అంగన్‌వాడీలో అడిగితే మూడేళ్ళు నిండాక తీసుకురమ్మన్నారు. టౌన్లో బేబీ కేర్ వాళ్ళు నెలకి నాలుగు వేలు అడుగుతున్నారు. నాకొచ్చేది పదకొండు వేలు. నాలుగు వేలు పోతే ఇంక నువ్వు పనికి పోయి ఏం లాభం, మానెయ్ అంటున్నాడు మా ఆయన. గవర్నమెంటు తరఫున ఏమీ లేదా?
– ఒక తల్లి, ముత్తుకూరు మండలం

ముందు మీ ఆయన లెక్క సరిచేద్దాం తల్లీ. బేబీ కేర్ నాలుగు వేలూ మీ పదకొండు వేలల్లోంచే ఎందుకు తీసేస్తున్నాడు? పాప ఇద్దరిదీ కదా. రెండు వేలు ఆయన సంపాదనలోంచి తీసి చూడమనండి. అప్పుడు పని మానే మాట అంత తేలిగ్గా రాదు.

ఇక అంగన్‌వాడీ. మూడేళ్ళు నిండాలన్నది కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పే దానికి. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ అది మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకే. కానీ పేరు రాయించడానికి మూడేళ్ళు ఆగక్కర్లేదు. మీ పాప వయసు పిల్లలకి నెలకి రెండున్నర కిలోల బాలామృతం (పసిపిల్లల పోషకాహారప్పొడి) ఇంటికి ఇస్తారు, గుడ్లు, పాలు ఇస్తారు, తూకం చూస్తారు, టీకాలు వేయిస్తారు. ఇంకా రాయించకపోతే ఈ వారమే రాయించండి. (బాలామృతం పాపకే పెట్టండి. నేను చేసిన ఊళ్ళల్లో దాన్ని బెల్లంతో ఉండలు చుట్టి పెద్దవాళ్ళు టీతో పాటు తినేయడం ఎన్ని ఇళ్ళల్లో చూశానో! పిల్ల బరువు పెరగలేదని మళ్ళీ మా మీదే కేకలు.)

పాపని పొద్దంతా ఉంచుకునే ఏర్పాటు మాత్రం మామూలు అంగన్‌వాడీలో లేదు. రేపు మూడేళ్ళు నిండినా వాళ్ళు నాలుగింటికి తాళం వేస్తారు, మీ బస్సు ఆరింటికి వస్తుంది. ఆ మధ్య రెండు గంటల కోసమే మన వైపు ఎంతోమంది ఆడవాళ్ళు పని మానుకున్నారు.

దీనికోసం 2022లో కేంద్ర ప్రభుత్వం మిషన్ శక్తి కింద 'పాల్నా' పెట్టింది. అంగన్‌వాడీలోనే క్రెష్ (తల్లి పనికెళ్తే పసిపిల్లల్ని చూసుకునే చోటు) కూడా నడుపుతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలు, ఒక్కోచోట పాతికమంది దాకా. నెలకి 26 రోజులు, రోజుకి ఏడున్నర గంటలు. తల్లి ఏం పని చేస్తుంది, అసలు చేస్తుందా లేదా అని చూడరు. వినడానికి బాగుంది కదా. దేశం మొత్తానికి 2025-26 కల్లా 17,000 పెట్టాలన్నది లక్ష్యం. అంగన్‌వాడీలు చూస్తే 14 లక్షలకి దగ్గర. అన్నీ పెట్టినా ఎనభై అంగన్‌వాడీలకి ఒక క్రెష్. కాబట్టి మీ ఊళ్ళో లేకపోతే ఆశ్చర్యం లేదు. అయినా అడగాలి, ఎందుకంటే ఆ నియమాల్లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: క్రెష్ వేళలు ఆ చుట్టుపక్కల ఎక్కువమంది తల్లుల పని వేళల్ని బట్టి ఉండాలి.

ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ బస్సెక్కే తల్లులందరి పేర్లు, పిల్లల వయసు నెలల్లో, బస్సెక్కే టైమ్, దిగే టైమ్ రాసి సంతకాలు పెట్టించండి. ఒకటి మీ ప్రాజెక్టు సీడీపీవో (అంగన్‌వాడీల పైఅధికారి) ఆఫీసులో ఇవ్వండి. ఇంకోటి సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు నంబరు లేకుండా బయటికి రావద్దు. ఒక్కరే వెళ్తే 'చూస్తాంలేమ్మా' అని పంపేస్తారు. పాతికమంది సంతకాలుంటే దాన్ని ఫైల్లో పెట్టక తప్పదు. ఆ టేబుల్‌కి అవతల వైపు కూర్చున్నదాన్ని కాబట్టే చెప్తున్నాను.

మీ కంపెనీ కూడా తప్పించుకోలేదు. పాత 1948 ఫ్యాక్టరీల చట్టం ఉన్నప్పుడే 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసేచోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలని రాశారు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, ఆడామగా కలిపి 50 మంది ఉన్న ఏ సంస్థలోనైనా క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగు సార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే 50. పైగా పక్కపక్క సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడుపుకోవచ్చని దాంట్లో ఉంది. ఒకే రోడ్డు మీద వరసగా రొయ్యల కంపెనీలున్న మన వైపు ఇది బాగా కుదిరే పని. 'వాళ్ళు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు' అంటారు చూడండి, అది మొదటి సాకు. క్రెష్‌ల మీద 2018లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో తాత్కాలిక, దినకూలీ, కాంట్రాక్టు వాళ్ళకి కూడా వర్తించాలని ఉంది. ఈ ముక్క మీ కాగితంలో రాయండి. కంపెనీ పలకకపోతే కార్మిక శాఖకీ, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకీ కాపీ పంపండి.

ఒకవేళ గది ఇచ్చారే అనుకోండి, పాపను దింపే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. రొయ్యల ప్లాంటులో కూలింగ్ చాలావరకు అమోనియాతో నడుస్తుంది. కంప్రెసర్ల గదికి ఆనుకుని పిల్లల గది పెడితే వద్దని చెప్పండి. తలుపు లారీలు తిరిగే వైపు తెరుచుకోకూడదు. చూసే మనిషి ఎవరు, ఆమె సెలవు పెడితే ఎవరొస్తారు అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి తడబడ్డారంటే గది రంగులూ బొమ్మలూ చూసి మోసపోవద్దు.

ఇదంతా రెండు మూడు నెలల్లో తేలేది కాదు, అబద్ధం చెప్పను. అంతదాకా బేబీ కేర్‌కి పంపండి, లేదా మీ పల్లెలోనే నమ్మకమైన మనిషికి మీరూ ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి నెలకి ఇంతని ఇచ్చుకోండి. పని మాత్రం వదలకండి. పాప బడికెళ్ళే వయసుకి తిరిగి వద్దామనుకుంటే అప్పుడు కొత్తగా చేరినవాళ్ళ జీతమే ఇస్తారు.

*

ఒంగోలు ట్రంకు రోడ్డులో బట్టల షాపులో నేనూ నా భార్యా పనిచేస్తాం. మొత్తం 42 మంది ఉన్నాం. క్రెష్ అడిగితే చట్టం మాకు వర్తించదు అన్నారు. నిజమేనా? తండ్రిగా నేను అడగొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

క్రెష్ వరకు నిజమే. 50 ఉండాలి. గోడౌన్‌లో, టైలరింగ్‌లో, ఇంకో బ్రాంచిలో మనుషుల్ని కలపకుండా 42 చెప్పారేమో మాత్రం చూసుకోండి. ప్రసూతి సెలవు సంగతి వేరు, పదిమంది ఉన్న షాపుకి కూడా అది వర్తిస్తుంది: మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, అంతకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే జీతంతో. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పాలని కూడా 2017 సవరణలో రాశారు. చెప్పిన షాపు నేనింకా చూడలేదు.

తండ్రి అడగొచ్చా అన్నారు. అడగండి బాబూ! రోజుకి నాలుగు సార్లు చూసుకునే హక్కు చట్టం తల్లికే ఇచ్చింది గానీ, గది అడిగే నోరు ఎవరిదైనా ఒకటే. మగవాళ్ళు అడిగితే ఓనర్లు తొందరగా వింటారు. అది నాకు నచ్చదు, కానీ వాడుకోండి.

*

మా బాబు ఎల్‌కేజీ. ప్రైవేటు స్కూలు. తల్లికి వందనం వస్తుందా?
– ఒక గృహిణి, బుచ్చిరెడ్డిపాళెం

రాదమ్మా. ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకే. పిల్లకి 15,000 లెక్క, అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది, 2,000 బడి నిర్వహణకి. ఎల్‌కేజీ, యూకేజీ వయసుకి ప్రభుత్వం దగ్గరున్నది అంగన్‌వాడీయే. దాని ముఖం చూడకుండా ఫీజు కట్టేవాళ్ళకి నేనేం చెప్పినా ఎక్కదు, అందుకని ఆపేస్తున్నాను.

*

అమ్మా, నాకు అరవై నాలుగేళ్ళు. మాది టంగుటూరు దగ్గర. కొడుకూ కోడలూ పొగాకు గ్రేడింగుకి (ఆకును రకాలుగా వేరుచేసే పనికి) పోతారు. పెద్ద మనవరాలికి మూడున్నర, చిన్నోడికి ఏడాది. ఇద్దరూ నా మీదే. అంతకు ముందు కూతురి పిల్లల్నీ నేనే సాకాను. చేతకావడం లేదంటే 'మరి చిన్నోణ్ణి గోడౌన్‌కి తీసుకుపోతా' అంటుంది కోడలు. నాలాంటోళ్ళకి గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా?
– ఒక నాయనమ్మ

అక్కా, మీకు నేరుగా ఇచ్చే పథకం ఏదీ లేదు. ఈ దేశంలో తల్లులు పనికి పోగలుగుతున్నారంటే సగం మీలాంటివాళ్ళ నడుం మీదే. ఏ బడ్జెట్‌లోనూ ఆ లెక్క కనపడదు. పింఛను వస్తుంటుంది మీకు, నెలకి 4,000. అది మీ వయసుకి ఇచ్చేది. మనవల్ని చూసినందుకు కూలి అని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

పెద్దదాన్ని రేపు పొద్దున్నే అంగన్‌వాడీకి పంపండి. మూడున్నరేళ్ళ పిల్ల ఇంట్లో ఎందుకుంది? ఆధార్ లేదని తిప్పి పంపితే, తల్లి ఆధార్‌తో అంగన్‌వాడీ యాప్ పోషణ్ ట్రాకర్‌లో పేరు ఎక్కించొచ్చు, ఆ మాట టీచరమ్మకి చెప్పండి. అన్నం, గుడ్డు, పాలు అక్కడే అయిపోతాయి. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా మీకు ఒక్క పిల్లాడే. దింపడం, తీసుకురావడం మీ పని కాదు. గ్రేడింగుకి వెళ్ళే దారిలో మీ కొడుకు దింపాలి.

చిన్నోణ్ణి గోడౌన్‌కి తీసుకెళ్ళే మాట మాత్రం మీ కోడలు సరదాకి కూడా అనొద్దు. ఈ పేరా ఆమెకి చదివి వినిపించండి. నేను కొండపి వైపు తిరిగేటప్పుడు గ్రేడింగు జరిగే గోడౌన్లలోకి వెళ్ళేదాన్ని. ఆకు కుప్పల పక్కనే చీర ఉయ్యాల, దాంట్లో బిడ్డ. నిద్రలోనే తుమ్ముతుంటాడు. పాలసీసా రబ్బరు మీద గోధుమరంగు దుమ్ము అంటుకుని ఉంటుంది. తల్లి కొంగుతో తుడిచి నోట్లో పెడుతుంది, ఆ కొంగుకీ అదే దుమ్ము. పచ్చాకు కోసేవాళ్ళకి తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోయి వాంతులు, తలతిరుగుడు వస్తాయని వాళ్ళకే తెలుసు. ఏడాది పిల్లాడు నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఎండాకు ముక్క మింగితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, మజ్జిగ తాగించి చూద్దాం అని కూర్చోకూడదు.

పొగాకు వేలం కేంద్రాలు నడిచే నెలల్లోనే మీ వైపు గ్రేడింగు పని జోరు. ఏ ఊళ్ళో ఎంతమంది తల్లులు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది పంచాయతీలో అందరికీ తెలుసు. ఆ నాలుగైదు నెలలకైనా అంగన్‌వాడీలో క్రెష్ కావాలని గ్రామసభలో తీర్మానం రాయించండి. పైన ముత్తుకూరు తల్లికి చెప్పిన కాగితమే మీ వాళ్ళూ రాసుకోవచ్చు. చేతకావడం లేదని మీరు మొదట చెప్పాల్సింది మీ కొడుకుతో. ఎప్పుడూ కోడలితోనే చెప్తారు మనవాళ్ళు, ఆమె మటుకు ఏం చేస్తుంది పాపం.

*

నేను అంగన్‌వాడీ టీచర్ని. క్రెష్‌లు వస్తాయంటున్నారు. ఉన్న పనికే ఊపిరాడటం లేదు. యాప్‌లో ఫొటోలు, సర్వేలు, రిజిస్టర్లు. ఇంకా చంటిపిల్లల్ని కూడా మా మీద వేస్తే ఎలాగమ్మా?
– కనిగిరి ప్రాంతం నుంచి

మీ మీద వెయ్యకూడదు, రూల్స్‌లోనే అలా లేదు. పాల్నా కింద అంగన్‌వాడీలో క్రెష్ పెడితే టీచరూ ఆయా కాక, క్రెష్‌కి విడిగా ఒక వర్కరూ ఒక హెల్పరూ ఉండాలి. మనుషుల్ని ఇవ్వకుండా పిల్లల్ని మాత్రం పంపితే 'నియామకం అయ్యాక మొదలుపెడదాం సార్' అని రాసివ్వండి. నోటితో అంటే మొండితనం అంటారు, రాస్తే నియమం అవుతుంది.

మీ బాధ నాకు కొత్త కాదు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు మీరు రోడ్డు మీద కూర్చున్నారు, సమ్మెలు ఆపించే ఎస్మా చట్టం పెట్టినా లేవలేదు. టీచర్‌కి 11,500, ఆయాకి 7,000. మన రాష్ట్రంలో 55 వేలకి పైగా కేంద్రాలు ఆ జీతాల మీదే నడుస్తున్నాయి. ఉత్తరాలు రాసే తల్లులు కూడా ఇది చదవాలి. నాలుగింటికి తాళం వేసిందని తిట్టుకునే టీచరమ్మకీ ఇంట్లో పిల్లలుంటారు. సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచమని అడుగుదాం, ఆ రెండు గంటలకి ఇంకో మనిషినీ ఇంకో జీతాన్నీ కూడా అడుగుదాం. ఒక్కటే అడిగితే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తగువు పెట్టినట్టే.

*

కావలి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి కాన్పుకని టొరంటో వెళ్ళొచ్చాను, మళ్ళీ పిల్లాణ్ణి చూడటానికి రమ్మంటోంది. అక్కడ రోజుకి పది డాలర్లకే పిల్లల్ని చూసే కేంద్రాలున్నాయట. మన దగ్గర ఎందుకు చెయ్యరు?
– ఒక అమ్మమ్మ

పది డాలర్లకే సీటుంటే మిమ్మల్ని మళ్ళీ ఎందుకు రమ్మంటోందో అడిగారా? సీటు దొరక్కే అయ్యుంటుంది. అక్కడ రేటు తగ్గించారు, చాలాచోట్ల పేరు రాయించి ఎదురుచూడాలి. ముందు దారి చూపింది అక్కడి క్యుబెక్ రాష్ట్రం. 1997లో రోజుకి ఐదు డాలర్లు పెట్టారు. పనికి వెళ్ళే తల్లుల సంఖ్య బాగా పెరిగింది. అది చూసి కెనడా కేంద్ర ప్రభుత్వం 2021 బడ్జెట్‌లో ఐదేళ్ళకి 3,000 కోట్ల డాలర్ల దాకా ప్రకటించి, దేశమంతా సగటున పది డాలర్లకి తెస్తామంది. డబ్బు దిగింది, కేంద్రాలూ చూసేవాళ్ళూ అంత తొందరగా రాలేదు. రేటు ఒక్కటే తగ్గిస్తే చాలదని అక్కడ తేలింది.

మన దగ్గర కథ ఇంకోలా ఉంది. ఉన్నవే తగ్గాయి. పనిచేసే తల్లుల పిల్లలకి కేంద్రం ఎప్పటి నుంచో క్రెష్‌లు నడిపించింది, ఒకప్పుడు 23 వేలకి పైగా ఉండేవి. 2017లో ఖర్చులో కేంద్రం వాటా 90 శాతం నుంచి 60కి దించారు, మిగతాది రాష్ట్రాలూ స్వచ్ఛంద సంస్థలూ పెట్టుకోవాలన్నారు. 2020 నాటికి ఏడు వేల లోపే మిగిలాయి. అప్పటి ఫీజు చూడండి: పేదవాళ్ళకి నెలకి 20 రూపాయలు, అంతకన్నా ఉన్నవాళ్ళకి 100, నెలాదాయం 12,000 దాటితే 200. మీ అమ్మాయి పది డాలర్ల కన్నా ఎంతో చవక. చవకగా ఉంది, లేకుండా పోయింది. ఇప్పటి పాల్నా ఆ పోయినవాటి చోట కట్టుకొస్తున్నదే.

ఒక మంచి సంగతి చెప్పాలి. మన ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే ఆరు నెలలు. పాల్నాలో పిల్లల్ని తీసుకునేది ఆరు నెలల నుంచి. కాగితం మీద రెండూ చక్కగా అతికాయి. సెలవు నిజంగా దొరికేది ఎక్కువగా పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళకి, క్రెష్ అవసరమయ్యేది ఎక్కువగా కూలికి పోయేవాళ్ళకి, అక్కడే అతుకు ఊడుతోంది.

టొరంటో వెళ్ళాలా వద్దా అన్నది మీ మోకాళ్ళనీ మీ బీపీనీ అడగండి, నన్ను కాదు. వెళ్ళేలోపు మాత్రం కావలిలో మీ వార్డు అంగన్‌వాడీకి ఒకసారి వెళ్ళి క్రెష్ ఉందా, ఎన్నింటికి తెరిచి ఎన్నింటికి మూస్తున్నారు, ఎంతమంది పిల్లలు అని కనుక్కుని నాలుగు ముక్కలు రాయండి. వచ్చే సంచికలో వేస్తాను.